మేము ఉడి నింపిన దేశం

గొప్ప దేశాల పెద్దమనుషులు పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని పేద దేశాలకు సాయం చేస్తామని చెప్పే వార్త టీవీలో వస్తే మా ఇంట్లో అందరూ నా మొహం వైపు చూస్తారు. నాకు ఒళ్ళు మండుతుందని వాళ్ళకు తెలుసు. చేతిలో చాట ఉంటే పక్కన పెట్టి, "మళ్ళా మొదలుపెట్టినారు సూడు" అంటాను. మా వదిన గబగబా సౌండు తగ్గిస్తుంది. ఏ దేశం ఎంత ఇస్తానంది, ఎంత ఇచ్చింది అని తేల్చి చెప్పే చదువుకున్నవాళ్ళు ఎక్కడో ఉంటారు. నాకు అంత తెలియదు. ఒక దేశం సంగతి మాత్రం తెలుసు, అదీ ఒక వ్యాను మేరకే. ఆ దేశం పేరు చెప్పను. చెప్తే వాళ్ళకు పోయేదేమీ లేదు, నాకే మళ్ళీ కోపం వస్తుంది.

మాది కన్నడ రాష్ట్రంలో, చోరనూరు నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి, గుట్ట వారన తెలుగు మాట్లాడే చిన్న ఊరు. నేను అక్కడ అంగనవాడి టీచరును. భర్త పోయాక పుట్టింటికి వచ్చి అమ్మ దగ్గర, అన్నావదినల దగ్గర ఉంటున్నాను. అన్న తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. పెద్ద రోడ్డు దాకా నడిచిపోతే కంపెనీ బస్సు ఎక్కించుకుని పోతుంది. ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే. ఎనిమిది చదవాలంటే చోరనూరు హైస్కూలుకు పోవాలి. మగపిల్లలు ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కి పోయేవాళ్ళు. ఆడపిల్లలు ఆగిపోయేవాళ్ళు. ఆ దారంతా ఖనిజం లారీలు ఎర్రదుమ్ము లేపుకుంటూ పోతుంటాయి. గుట్ట వైపు నడుద్దామంటే ఎలుగుబంట్లు. ఏ తల్లి పంపుతుంది?

నేను హాస్టల్లో ఉండి పది పాసైనదాన్ని కాబట్టి ఊరి అర్జీలన్నీ నా చేతనే రాయిస్తారు. పొద్దున ఒక బస్సు వెయ్యండని డిపోకు ఎన్ని రాశానో నాకే గుర్తు లేదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమని సర్కారు చెప్పిన రోజు మా ఊరి ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. రాని బస్సుకు టికెట్టు ఉచితమైతేనేం, వెయ్యి రూపాయలైతేనేం. కాళ్ళరిగేలా తిరిగాక చివరికి డిపో నుంచి కాగితం వచ్చింది. వచ్చే బడి సంవత్సరం నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బస్సు వేస్తారట. ఊరి సమ్మతి తెలుపుతూ ఉత్తరం పంపమన్నారు.

ఆ ఉత్తరం రాయడానికి నేను కాగితం తీసుకునేలోపే బెంగళూరు నుంచి ఒక సంస్థ ఆయన వచ్చాడు. ఫలానా దేశపు ప్రభుత్వం ఆడపిల్లల చదువుకు సాయం చేస్తోందని, మా ఊరికి ఒక వ్యాను, డ్రైవరు, డీజిలు అన్నీ ఐదేళ్ళ పాటు వాళ్ళే భరిస్తారని కన్నడంలో చెప్పాడు. తరువాతి వారం ఆ దేశపు అధికారిణిని వెంటబెట్టుకొచ్చాడు. నలభై దాటిన మనిషి. ఎండకు ముక్కంతా ఎర్రబడిపోయింది. మా అంగనవాడిలో పిల్లల చాప మీద మఠం వేసుకుని కూర్చుని, అప్పుడు ఏడో తరగతిలో ఉన్న మా అన్న కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, పెద్దయ్యాక ఏమవుతావని అడిగింది. నర్సునవుతానని మా మేనకోడలు చెప్పింది. "అయితే పది పాసవ్వాలి. అప్పటిదాకా మా బండి వస్తుంది. మీ తరువాతి పిల్లలకూ వస్తుంది" అంది ఆమె. బెంగళూరు ఆయన కన్నడంలోకి మార్చాడు, నేను మా వాళ్ళకు తెలుగులో చెప్పాను. ఇందులో అర్థం కానిదేమీ లేదు. ఐదేళ్ళు అంటే ఐదేళ్ళే.

ఆమె లేవబోతుంటే మా అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉట్టి చేతుల్తో పంపిస్తామా ఆయమ్మను? ఉడి నింపాల" అంది.

మా వైపు ఆడబిడ్డ పుట్టింటి నుంచి బయలుదేరేటప్పుడు చీర కొంగులో బియ్యం, కొబ్బరి, ఎండు ఖర్జూరం, పసుపుకొమ్ములు, రవిక గుడ్డ పోసి పంపుతాం. దాన్ని ఉడి నింపడం అంటాం. కన్నడం మాటే, మా నోళ్ళలో నాని తెలుగైపోయింది. ఉడి నింపించుకున్న మనిషి అందులోంచి ఒక పిడికెడు బియ్యం తిరిగి పుట్టింటి చాటలో వేసి పోతుంది. ఆ తరువాత ఆమె ఇంటి ఆడబిడ్డ. మంచికీ చెడుకూ ఆమె వస్తుంది, ఆమె కోసం మేము పోతాం. దీనికి సంతకాలు, సాక్షులు ఉండరు.

ఆమె వేసుకున్నది ప్యాంటు. కొంగు లేదు. మా అమ్మ ఇంట్లోకి పోయి తన పెట్టెలోని గళ్ళ చీర తెచ్చి ఆ ప్యాంటు మీదనే చుట్టి, కొంగు పట్టించి, ఊరి ముత్తైదువలందరి చేతా బియ్యం పోయించింది. తను ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. మా ఇద్దరికీ భర్తలు లేరు కదా. ఆమె పిడికెడు బియ్యం చాటలో వేస్తూ ఏడ్చింది. ఇదేమిటని అడిగితే బెంగళూరు ఆయన ఇంగ్లీషులో, ఇక్కడి స్వాగతం ఇలాగే ఉంటుందని చెప్పాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుస్తుంది. స్వాగతం కాదు సారూ, ఇది సంబంధం అని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. అందరూ అంత సంతోషంగా ఉంటే నడుమ నేనెందుకని ఊరుకున్నాను.

తప్పు ఆ రోజు కాదు, మరుసటి రోజు జరిగింది. డిపోకు సమ్మతి ఉత్తరం రాద్దామని నేను కూర్చుంటే మా అమ్మ, ఆమె ఈడు ఆడవాళ్ళు నలుగురు వచ్చి అడ్డం పడ్డారు.

"బస్సు యాలమ్మా ఇంగ? ఆడబిడ్డ బండి పంపిస్తాండాది గదా" అంది అమ్మ.

"రెండూ ఉంటే మనకేం నష్టం?" అన్నాను.

"ఆడబిడ్డ పెట్టింది తింటా ఇంగోరి ముందర చెయ్యి చాపేదా? ఆయమ్మకు తెలిస్తే ఎంత నొచ్చుకుంటాది. నన్ను నమ్మలేదు మావోళ్ళు అనుకోదా?"

నేను గట్టిగా వాదించి ఉండాల్సింది. ఆ బస్సు మనకు ఊరకే రాలేదు, ఎన్నేళ్ళు తిరిగితే వచ్చిందని చెప్పి ఉండాల్సింది. కానీ నిజం చెప్పాలంటే నాకూ ఆమె మీద నమ్మకం కుదిరింది. చాప మీద కూర్చుని ఏడ్చిన మనిషిని ఎలా అనుమానించడం? పైగా అంత పెద్ద దేశం. మా పంచాయతీ మాట తప్పితే అర్థముంది, వీధి దీపానికే దిక్కు లేదు. కావలసినవన్నీ ఉన్నవాళ్ళు మాట ఎందుకు తప్పుతారు అనుకున్నాను. కూర్చుని, నా అందమైన కన్నడం దస్తూరీతో, మా ఊరికి బస్సు అవసరం లేదని, గుట్ట అవతలి ఊరికి వెయ్యవచ్చని రాసి, అందరి సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి డిపోలో ఇచ్చి వచ్చాను. ఊరి మర్యాద నిలబెట్టినట్టు మంచి ఊపుగా నడిచొచ్చాను.

రెండేళ్ళు బాగా జరిగాయి. అది ఒప్పుకోవాలి. నీలం రంగు వ్యాను పొద్దున ఎనిమిదింటికి అంగనవాడి ముందు ఆగేది. పదకొండు మంది ఆడపిల్లలు ఎక్కేవాళ్ళు. మా కోడలు ఎప్పుడూ కిటికీ పక్కనే. ఇంట్లో నోట్లో నాలుక లేనట్టు ఉండే పిల్ల, వ్యాను దిగి వస్తూనే ఆ రోజు చెప్పిన పాఠమంతా వాళ్ళవ్వకు అప్పజెప్పేది. ఎనిమిది అయింది, తొమ్మిది అయింది, పదిలోకి వచ్చింది.

పదో తరగతి దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన పొద్దున పిల్లలు సంచులు తగిలించుకుని నిలబడ్డారు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. వ్యాను బడి వెనకాలే ఉంది, తాళం వేసి ఉంది, డ్రైవరు లేడు. నేను బెంగళూరు ఆయనకు ఫోను చేశాను.

ఆయన నీళ్ళు నమిలాడు. "మేడం, అల్లి సర్కార బదలాగిదె" అన్నాడు. అక్కడ ప్రభుత్వం మారిందట. బయటి దేశాలకు ఇచ్చే సాయమంతా తగ్గించేశారట.

"మారితే మారనీ సార్. మాకిచ్చిన మాట అట్లే ఉండాది గదా" అన్నాను.

"అది పాత సర్కారు మాట మేడం."

"మా ఊర్లో అప్పు తీసుకున్నోడు చచ్చిపోతే కొడుకు కడతాడు సార్. మీ దేశాల్లో అట్ల లేదా?"

"అది నా దేశం కాదు మేడం" అన్నాడు పాపం. ఆయన ఉద్యోగం కూడా ఆ నెలాఖరుకు పోతోందని తరువాత తెలిసింది. సరే, వ్యాను తాళమైనా ఇవ్వండి, డీజిలు మేమే పోసుకుంటాం, డ్రైవరును మేమే చూసుకుంటాం అన్నాను. కుదరదట. బండి ఆ ప్రభుత్వానిది, ఏం చెయ్యాలో వాళ్ళు తేల్చేవరకు ఎవరూ కదపకూడదట. అది ఈ రోజుకీ తేలలేదు. వ్యాను బడి వెనకాల టైర్లు దిగిపోయి నిలబడి ఉంది, దాని కింద మా పక్కింటి కోడి గుడ్లు పెట్టుకుంటోంది.

నాకు తల కొట్టుకోవాలనిపించింది ఆ తరువాతి నెలలో. అదే సంస్థ నుంచి ఒక ఫారం వచ్చింది. ఈ పథకం ముగింపు వల్ల మీ జీవితంలో వచ్చిన మార్పు రాయండి, పిల్లలు నవ్వుతున్న ఫోటో జతచెయ్యండి అని. ముగింపట. దేనికి ముగింపు? ఐదేళ్ళది రెండున్నరేళ్ళకే ఎత్తేసి, అది ముగిసిందంటారా. ఫారం చించి పొయ్యిలో పెట్టాను. కాగితం వెనకవైపు ఖాళీగా ఉంది, ఉంచుకుంటే పిల్ల లెక్కలు చేసుకునేదని మా వదిన నన్నే తిట్టింది.

నేను డిపోకు పోయాను. అక్కడి ఆఫీసరు మంచివాడే. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. ఫైలు తెప్పించి నా ముందు పెట్టాడు. అందులో నా ఉత్తరం. నా దస్తూరీ, కొట్టివేత ఒక్కటి కూడా లేకుండా.

"మీరే వద్దని రాసిచ్చినారు గదమ్మా" అన్నాడు.

ఏం చెప్పాలి? ఒక దేశానికి ఉడి నింపాం సార్, అందుకని వద్దన్నాం అని చెప్పాలా? బస్సు గుట్ట అవతలి ఊరికి పోతోంది, వాళ్ళ దగ్గర్నుంచి తీసి మీకెట్ల ఇచ్చేది, మళ్ళీ అర్జీ పెట్టుకోండి, ఎంతమంది ఎక్కుతారో చూసి తరువాత ఆలోచిస్తాం అన్నాడు. మార్చిలో పిల్ల పరీక్షలు. నేను టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను, అందులో ఆయన తప్పేమీ లేకపోయినా.

ఇక మిగిలింది గుట్ట ఎక్కి అవతలికి దిగి, ఆ ఊళ్ళో ఎనిమిదింటి బస్సు పట్టుకోవడం. మూడు కిలోమీటర్లు. ఎలుగుబంట్ల భయానికి చేతిలో కట్టె పట్టుకుని నేను కూడా పోయి, పిల్లల్ని బస్సెక్కించి, వెనక్కి ఉరుకుతూ వచ్చి అంగనవాడి తెరిచేదాన్ని. మొదటి వారం పదకొండు మందీ వచ్చారు. దీపావళికి ఏడుగురు. సంక్రాంతి దాటేసరికి మా కోడలు ఒక్కతే. కొందరు తల్లుల వెంట మిరపకాయలు కొయ్యడానికి సిరుగుప్ప వైపు వెళ్ళిపోయారు, కొందరు ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్ళ ఇళ్ళ ముందు నుంచి పోతుంటే నేను తల దించుకునేదాన్ని. బస్సు వద్దని రాసిన చెయ్యి నాదే. ఆ పిల్లలెవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేది.

ఆ కోపంలోనే ఒక రోజు ఆ విదేశీ ఆవిడకు ఈమెయిలు పెట్టాను. చిరునామా బెంగళూరు ఆయన ఇచ్చాడు. నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడి, నాకు చాతనైనంత కఠినంగా రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. తన ఉద్యోగం కూడా తీసేశారట. మా ఊరి పేరు చెప్పి పెద్ద అధికారుల దగ్గర చాలా సార్లు అడిగిందట, ఎవరూ వినలేదట. ఆ గళ్ళ చీర ఇప్పటికీ తన దగ్గరే ఉందట. క్షమించమని రాసింది. అమ్మకు చదివి వినిపించాను, ఇప్పుడైనా మా అమ్మకు బుద్ధి వస్తుందని.

అమ్మ అంతా విని, కళ్ళు తుడుచుకుని, "పాపం, అత్తగారింట్లో ఆయమ్మ మాట చెల్లలేదు" అంది.

నాకు ఎక్కడలేని మంట పుట్టింది. "అత్తగారిల్లేందిమా? అది దేశం. గవర్నమెంటు. మాట ఇచ్చి ఎగ్గొట్టినారు."

"అదే చెప్తాండా. ఉన్నోళ్ళ ఇల్లే, ఇచ్చే చెయ్యి లేదు. ఆడబిడ్డ ఏం చేస్తాది మజ్జలో?" అంది. ఆవిడ ఆ రోజు తిరిగి చాటలో వేసిన పిడికెడు బియ్యం ఇప్పటికీ ఒక గుడ్డలో మూట కట్టి దేవుడి గూట్లో పెట్టుకుంది మా అమ్మ. తీసి కోళ్ళకు వేద్దామంటే నన్ను కొట్టినంత పని చేసింది.

ఆ గుట్ట దారిలో మా కోడలు నడుస్తూ పాఠాలు వల్లె వేసేది. ఒక రోజు సాంఘికశాస్త్రం. సంపన్న దేశాలు పేద దేశాలకు ఏ విధంగా తోడ్పడతాయి అనే ప్రశ్న, నాలుగు మార్కులది. ఆర్థిక సాయం అందిస్తాయి, విద్యకు ఆరోగ్యానికి తోడ్పడతాయి, అంటూ కన్నడంలో గడగడా అప్పజెప్తోంది, ఎలుగుబంటి వస్తుందేమోనని నేను పొదల వైపు చూస్తుండగా. "ఆపు తల్లీ" అన్నాను. "ఎందుకత్తా, తప్పు చెప్పినానా?" అంది భయంగా. తప్పు లేదు చదువుకో అన్నాను.

మాకు దారి చూపించింది ఆ బస్సు కండక్టరు. ఆమె కూడా ఆడమనిషే, హగరిబొమ్మనహళ్ళి వైపు నుంచి వచ్చింది. మమ్మల్ని రోజూ చూసి చూసి, పరీక్షలకైనా బస్సును మీ ఊరి దాకా తెస్తాం, హెడ్‌మాస్టరుతో డిపోకు ఉత్తరం రాయించండి అంది. గుట్ట అవతలి ఊరి ఆడవాళ్ళు, ఆ ఆరు రోజులు తమ బస్సు పొద్దున అరగంట ముందే బయలుదేరినా, సాయంత్రానిది మధ్యాహ్నమే వచ్చినా సరేనని వేలిముద్రలు వేసిచ్చారు. మేము వాళ్ళకు ఉడి నింపలేదు, ఏమీ నింపలేదు. అడిగాం, ఇచ్చారు.

మొదటి పరీక్ష రోజు బస్సు మా అంగనవాడి ముందుకు వచ్చి ఆగింది. మా అమ్మ అప్పటికే చాటలో బియ్యం, కొబ్బరి పెట్టి, ముత్తైదువల్ని వెంటేసుకుని నిలబడి ఉంది. "అమ్మా, వద్దు. చేతులెత్తి మొక్కుతా, లోపల పెట్టు" అని అడ్డం పడ్డాను.

కండక్టరమ్మ మెట్టు మీదనుంచే నవ్వింది. "ఉడి నింపితే బస్సు నిలబడదు అవ్వా. టికెట్లు తెగితే నిలబడతాది. ఎక్కండి అందరూ."

ఉచితమైనా సరే ఆడవాళ్ళకు ఒక్కొక్కరికీ సున్నా టికెట్టు కొడతారు. ఆ ఊళ్ళో ఎంతమంది ఎక్కారో డిపోవాళ్ళు ఆ టికెట్లను బట్టే చూస్తారట. మా అమ్మ చాట అక్కడే దించి, ఆధార్ కార్డు రొంటిన దోపుకుని ఎక్కింది. ఆమె వెనక ఊరి ఆడవాళ్ళంతా ఎక్కారు. చోరనూరులో వాళ్ళకు ఏ పనీ లేదు. దిగి, హైస్కూలు గోడ పక్కన వక్కాకు వేసుకుంటూ కూర్చుని, మధ్యాహ్నం మళ్ళీ టికెట్టు కొట్టించుకుని వచ్చారు. ఆరు పరీక్షలకూ ఆరు రోజులూ అంతే. బడి మానేసిన ఆ పదిమంది పిల్లల్లో ఊళ్ళో ఉన్నవాళ్ళు కూడా ఎక్కారు, టికెట్ల కోసం. మా కోడలు హాల్లోకి పోతుంటే వాళ్ళు గేటు బయట నిలబడి చూశారు.

సాంఘికశాస్త్రం రోజున ఆమె బయటికి రాగానే ఎలా రాశావని అడిగాను.

"ఆ ప్రశ్న వచ్చిందత్తా."

ఏ ప్రశ్నో నేను అడగలేదు. "ఏం రాసినావు మరి?" అన్నాను.

ఆమె గేటు దగ్గరున్న తన ఈడు పిల్లల వైపు చూసింది. "పుస్తకంలో ఉండేదే రాసినా. సాయం చేస్తాయని రాసినా" అంది. "పాస్ కావాల గదత్తా."

నేను ఆమె చేతిలోని అట్ట తీసుకుని, ఎండగా ఉంది, పద బస్సు వస్తుంది అన్నాను.